పళ్లకు నీలిమందు

బొగ్గుపొడితో, ఉప్పుతో పళ్లు తోముకునే తాతను వెక్కిరించి, టీవీ ప్రకటనలు ఆ అలవాటు మాన్పించాయి. ఇప్పుడు అదే బొగ్గును నల్లటి ట్యూబులో కూరి, 'యాక్టివేటెడ్ చార్‌కోల్' అని పేరు పెట్టి మనవడికి అమ్ముతున్నాయి. ఉప్పు సంగతి సరేసరి. పేస్టులో ఉప్పు లేదేమని ఆ ప్రకటనలే మనల్ని నిలదీశాయి!

పంటి పైపొర ఎనామిల్. దాని కిందుండే డెంటిన్‌ది సహజంగానే పసుపు ఛాయ. తెలుపు కోసం గరుకు పేస్టుతో రుద్దేకొద్దీ పైపొర అరుగుతుంది, లోపలి పసుపు బయటపడుతుంది. అప్పుడేం చేస్తాం? ఇంకాస్త గట్టిగా రుద్దుతాం. కంపెనీకి ఇంతకంటే నమ్మకమైన ఖాతాదారు ఎక్కడ దొరుకుతాడు?

కొన్ని తెల్లబరిచే పేస్టుల్లో బ్లూ కోవరిన్ అనే నీలం రంగు కలుపుతారు. తెల్ల పంచెకు నీలిమందు పెట్టినట్టే. పసుపు పోదు, కాసేపు కంటికి ఆనదు. పెళ్లిచూపుల ఫొటోకు భేషైన సరుకు.

నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి గారపట్టిన పళ్లదీ అదే కథ. ఆ మరక ఎనామిల్ లోపలే ఉంటుంది, ఏ ట్యూబుకూ లొంగదు. అయినా అక్కడి కుర్రాళ్లకూ అదే ప్రకటన, అదే ధర.

పళ్లు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ ఎంతుందో (మన దగ్గర 1000 పీపీఎం మించకూడదు) డబ్బా వెనక భూతద్దానికి మాత్రమే కనిపించే అక్షరాల్లో ఉంటుంది. ముందువైపు మాత్రం హీరోయిన్ పలువరుస ధగధగ. దాన్ని తీర్చిదిద్దిన డెంటిస్టు పేరు, ఫొటోషాప్ కుర్రాడి పేరు ఎందుకో అచ్చేయరు.