ఏసీ కారుతోందా? ముందు బకెట్టు పెట్టండి

స్ప్లిట్ ఏసీ లోపలి యూనిట్ నుంచి మొదటి చుక్క రాలగానే కిందకి బకెట్టు జరపండి. స్టీలుదయితే మరీ మంచిది. చుక్కచుక్కకీ చప్పుడు వినబడి, రాత్రంతా సమస్య మీద ధ్యాస చెదరదు. మంచం కూడా రెండడుగులు పక్కకి లాగారంటే చాలా ఇళ్లలో మరమ్మతు పూర్తయినట్టే.

అంతటితో తృప్తిపడని వాళ్లు కారణం వెతకొచ్చు. ఇది నలుగురూ కూర్చుని తేల్చాల్సిన విషయం. మామగారు గ్యాసు అయిపోయిందంటారు. పక్కింటాయన స్టెబిలైజర్ మీద పెడతారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పై ఫ్లోరు వాళ్ల బాత్రూం దోషిగా తేలుతుంది. గాలిలో తేమ చల్లటి కాయిల్ మీద నీరై, ట్రేలోకి దిగి, సన్నటి పైపులోంచి గోడ అవతలికి పోవాలనీ, విశాఖ లాంటి ఉక్క ఊళ్లలో అది గంటకి లీటరు దాటొచ్చనీ ఎవరైనా చెబితే చెవిన పెట్టకండి. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం ఈ యంత్రాన్ని రూపొందించిందే గాలిలో తేమని అదుపు చేయడానికి. పుట్టినప్పటి నుంచీ నీళ్లు తీయడమే పనిగా ఉన్న యంత్రం నీళ్లు కారిస్తే ఆశ్చర్యపోవడం మన జన్మహక్కు.

మామగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. గ్యాసు తగ్గితే కాయిల్ మీద మంచు కట్టి, అది కరిగి కారుతుంది. కానీ అప్పుడు గది సరిగ్గా చల్లబడదు. గది చల్లగానే ఉండి గోడ మాత్రం తడుస్తోందంటే అనుమానం పైపు మీదికే పోవాలి. ఆ ముక్క మామగారితో అనకండి, ఇంట్లో ప్రశాంతత ముఖ్యం.

పైపు ఎలా ఉందో బయటికెళ్లి చూడండి. కిటికీ మీదుగా పైకెక్కి, దిగి, మళ్లీ ఎక్కి, చివరికి నీళ్ల డబ్బాలో మునిగి ఉంటే మీకు మంచి ఫిట్టింగే దొరికింది. నీరు పల్లమెరుగు అన్నది సామెతే గానీ ఫిట్టింగు కుర్రాళ్ల సిలబస్‌లో లేదు. ఆ వంపుల్లో నీళ్లు నిలిచి, కడగని ఫిల్టరు దాటొచ్చిన దుమ్ము తిని, నాచూ జిగురూ హాయిగా పెరుగుతాయి.

ఇక అసలు పని. బావమరిదిని సరిగ్గా యూనిట్ కింద, తల పైకెత్తి నిలబెట్టండి. మీరు బయటి కొస దగ్గర సైకిల్ పంపు పెట్టి బలంకొద్దీ కొట్టండి. ‘వస్తోందా?’ అని అరవండి. వస్తుంది. ఒక సీజను జిగురంతా ట్రేలోకి, ట్రేలోంచి బావమరిది మొహం మీదికి, మిగిలింది ఉతికిన దుప్పటి మీదికి. పంపు లేకపోతే చీపురుపుల్ల దూర్చండి, విరిగి లోపలే ఉండిపోతుంది. ఇనుప తీగ అయితే ముడతల పైపుకి చిల్లు పడి, నీళ్లకి కొత్త దారి దొరుకుతుంది. బాత్రూం యాసిడ్ పోస్తే నాచు చస్తుంది, దాంతోపాటు కాయిల్ అల్యూమినియం రెక్కలూ పోతాయి. ఫర్వాలేదు, ఆషాఢం ఆఫర్లు ఎలాగూ వస్తాయి.

ఇంత ఓపిక లేని బద్ధకస్తులు కొందరుంటారు. ఎంసీబీ ఆపేసి, తడి కూడా పీల్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బయటి కొసకి ఆనించి, సందు చుట్టూ గుడ్డ బిగించి రెండు మూడు నిమిషాలు నడుపుతారు. వాళ్లు ఊదరు, పీలుస్తారు. కొసలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంటే ముందే తీసేస్తారు. తర్వాత కరెంటు బోర్డు తడవకుండా ట్రేలోకి మగ్గెడు నీళ్లు మెల్లగా వదిలి, బయట ధార చూసుకుంటారు. ఫిల్టర్లు కడిగి, పైపు వాలు సరిచేసి, కొస నేలకి తగలకుండా కట్టేస్తారు. ఇలాంటి వాళ్లకి మెకానిక్‌తో అనుబంధం ఏర్పడదు, చెప్పుకోవడానికి కథా మిగలదు.

ఒక్కచోట మాత్రం వేళాకోళం లేదు. పైపు శుభ్రానికి వెనిగరైనా వాడండి, బ్లీచింగు ద్రావణమైనా వాడండి, రెండూ కలపకండి. బ్లీచింగులో బాత్రూం యాసిడ్ అసలే వద్దు. కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.