నొక్కుడు నేర్పిండ్రు, ఊదుడు మరిచిండ్రు

మా రోజుల్లో నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలిండ్రంటే మహమ్మద్ నగర్‌లో పిల్లగాళ్లు ఇంట్లో దొరికేవాళ్లు కాదు. అక్షరాలు రాకముందే ఈత వచ్చేది. నడుముకు ఎండిన ఆనిగెపు బుర్ర కట్టి మా చిన్నాయన బాయిలోకి తోసేవాడు, తాను మెట్టు మీద కూర్చొని చూసేవాడు. మేము నీళ్లు మింగినా చేయి అందించేవాడు కాదు గానీ కన్ను మాత్రం పక్కకు తిప్పేవాడు కాదు. ఇప్పుడు బాయిలు పూడ్చేసిండ్రు, బోర్లు వేసిండ్రు. పిల్లలకు ఈత ఎవరు నేర్పాలి? ఎండాకాలం సెలవులకు పట్నం నుంచి వచ్చిన పోరగాళ్లు ఫోటోల కోసం కాలువ అంచుకు దిగుతరు. సిమెంటు లైనింగు మీద పాచి ఉంటది, కాలు జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు. పాత మట్టి కట్టకైతే వేర్లు దొరికేవి.

ఈ ముక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ మధ్య ఎక్కడ చూసినా సీపీఆర్ అని, గుండె, ఊపిరి ఆగినోళ్లను బతికించుడు నేర్పే క్లాసులు, సర్టిఫికెట్లు. మంచిదే, మనస్ఫూర్తిగా మంచిదే అంటున్న. కానీ కాలువ ఒడ్డున బతికేవాళ్లకు నేర్పాల్సింది పట్నపోళ్లకు నేర్పినంతే కాదు. నా గొణుగుడంతా దాని గురించే.

ఆ రోజుల్లో ఎవరైనా మునిగితే ఊరు ఊరంతా ఉరికేది. కాలువ లష్కరు ముందు దూకేవాడు. బయటకు తీసినాక జరిగేది తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతది. కాళ్లు పట్టుకొని తలకిందులుగా గిరగిరా తిప్పేవాళ్లు. కుండ బోర్లించి దాని మీద బోర్లా పండబెట్టి నీళ్లు కక్కించాలని చూసేవాళ్లు. ఉప్పు కుప్పలో పూడ్చి పెడితే ప్రాణం లేచొస్తదని నమ్మిన ఇండ్లూ ఉన్నవి. ప్రేమతో, ఏడుస్తూ, శాయశక్తులా చేసేవాళ్లు. ఊపిరి అందాల్సిన ఆ నాలుగు నిమిషాలూ తిప్పుడుకే పోయేవి. మా పెద్దలను నేను తప్పు పట్టను, వాళ్లకు చెప్పినవాడు లేడు.

మేము స్కౌట్స్‌లో ప్రథమ చికిత్స నేర్చుకున్నది నిజమే. మనిషిని బోర్లా పండబెట్టి, తల దగ్గర మోకాలు వేసి, వీపు నొక్కి, మోచేతులు పైకి లేపుడు. హోల్గర్ నీల్సన్ పద్ధతి అనేవాళ్లు. ఆయన డెన్మార్క్ వాడు, 1932లో చెప్పిండు. మేము బడి మైదానంలో ఒకరి వీపు మీద ఒకరం వంతులు వేసుకొని సాధన చేసే నాటికే ఆ పద్ధతి పాతబడిపోయింది. పీటర్ సఫార్, జేమ్స్ ఈలమ్ అనే డాక్టర్లు నోటితో ఊదిన గాలే మేలని 1950లలోనే తేల్చేసిండ్రు. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు ఛాతీ కోయకుండానే పైనుంచి నొక్కి ఆగిన గుండెతో రక్తం ఆడించొచ్చని ప్రకటించిండ్రు. వాళ్లలో పెద్దాయన కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, కరెంటు ఇంజనీరు. లైన్ల మీద షాక్ కొట్టి చచ్చిపోయే పనివాళ్లను ఎట్లా బతికించాలన్న వెతుకులాటలోంచే ఇది పుట్టింది. స్టార్టరు డబ్బా ముందు తడి కాళ్లతో నిలబడే మా రైతుకు ఇంతకంటే దగ్గరి చదువు ఏముంటది? అది మా మండలానికి నడిచి రావడానికి అరవై ఏండ్లు పట్టింది. నా కోపం అక్కడ.

వచ్చింది కూడా పట్నంలో చావులు పేపర్లకెక్కినాకనే. 2023 ఫిబ్రవరిలో జిమ్‌లో కసరత్తు చేస్తూ చేస్తూ ఒక యువ కానిస్టేబుల్ కుప్పకూలి పోయిండు. అదే నెలలో ఆరాంఘర్ చౌరస్తాలో పడిపోయిన మనిషిని రాజశేఖర్ అనే ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీదనే ఛాతీ నొక్కి బతికించిండు. ఆ వీడియో నేనూ చూసిన. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. మార్చిలో ప్రభుత్వం శిక్షణలు మొదలుపెట్టింది. అంతకుముందు 2005 ఆగస్టు 15న 108 వచ్చింది కాబట్టి సరిపోయింది గానీ, దానికి ముందు మాకు నులక మంచమే అంబులెన్సు. నలుగురు మోసుకొని రోడ్డు దాకా, అక్కడ దొరికిన బండిలో బాన్సువాడ దాకా.

ఇక నేను కూర్చున్న క్లాసు. కాళ్లు లేని రబ్బరు మొండెం బొమ్మ, దాని ముందు చాప. నేర్పేది 108లో పనిచేసే పిల్లగాడు, చేతిపని తెలిసినవాడు. ముందు భుజాలు తట్టి పిలవాలన్నడు. పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే, 108కు ఫోన్ కొట్టమని పక్కవాడికి వేలు చూపి చెప్పాలన్నడు. అరచేతి మడిమను రొమ్ము ఎముక కింది సగం మీద పెట్టిండు, దాని మీద రెండో చేయి, వేళ్లు పెనవేసిండు. మోచేతులు వంచలేదు. నడుము నుంచి బరువంతా దించి నొక్కితే బొమ్మలోంచి టక్కుమని శబ్దం. లోతు సరిపోయిందని గుర్తు అది. పెద్దోళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతి నొక్కుకూ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. గుండెపోటు వచ్చి నొప్పితో మాట్లాడుతున్న మనిషిని నొక్కొద్దు, ఆయన గుండె ఇంకా కొట్టుకుంటనే ఉందని కూడా వివరంగా చెప్పిండు. అది చాలామందికి తెలియదు. ఏమీ చేయకుండా నిలబడితే గడిచిన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతదన్నడు. 108 ఎంత తొందరగా ఉరికొచ్చినా మా పొలాల దాకా నాలుగు నిమిషాల్లో రాదు.

నాకు వంతు వచ్చింది. నా మోకాళ్లు మొత్తుకున్నా నొక్కిన. నిమిషం గడవకముందే భుజాలు పట్టేసినయి, టక్కు శబ్దం ఆగిపోయింది. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలని ఎందుకు చెప్తరో చేతులకే అర్థమైంది. అట్లాంటి పనికి మనిషికి పది నొక్కులు ఇచ్చి లేపేసిండ్రు. వెనక జనం నిలబడ్డరు, ఫోటో టైం అయ్యింది. ఆ పది నొక్కులకు రంగు కాగితం సర్టిఫికెట్ చేతిలో పెట్టిండ్రు. హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతున్న మా మనుమరాలికీ బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కార్డు ఉంది, అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌ది. అది రెండేండ్లే చెల్లుతది, మళ్లీ పరీక్ష రాసి, బొమ్మ మీద చేసి చూపించాలి. ఆ నిబంధన నాకు బాగా నచ్చింది. మా ఊళ్లో ఇచ్చిన కాగితానికి గడువు లేదు. చేతులు మరిచిపోయినంక గోడ మీది కాగితం ఏం చేస్తది?

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్న. క్లాసు అయిపోవచ్చింది, ఊదడం గురించి మాట లేదు. నేనే అడిగిన.

“బిడ్డా, కాలువల మునిగినోన్ని తీస్తే కూడ ఇట్లనే నొక్కుడేనా?”

“మామూలు జనానికి నొక్కుడే చాలని పైనుంచి చెప్పిండ్రు సార్. నోట్ల నోరు పెట్టాలంటే ఎవరూ ముందుకొస్తలేరు.”

“నీకు తెలుసా ఊదుడు?”

“తెలుసు సార్.”

“మరి నేర్పకపోతివి?”

ఆ పిల్లగాడు తల వంచుకున్నడు. వాడిది తప్పు కాదు. నొక్కుడు ఒక్కటే నేర్పే పద్ధతిని మన దేశపు మత్తుమందు డాక్టర్ల సంఘం 2017లో సామాన్యుల కోసం పెట్టింది. దానికి న్యాయం ఉంది. పెద్ద మనిషి గుండె ఉన్నట్టుండి ఆగితే రక్తంలో కొన్ని నిమిషాలకు సరిపడా ప్రాణవాయువు మిగిలే ఉంటది, దాన్ని మెదడుకు తోస్తే చాలు. నీళ్లలో మునిగిన పిల్లవాడి సంగతి తలకిందులు. ఊపిరి ముందు ఆగింది, గుండె తర్వాత ఆగింది. రక్తంలో ఏమీ మిగలలేదు, ఉత్త రక్తాన్ని ఎంత తోసినా ఏం లాభం? గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ముందు రెండు ఊపిర్లు ఊదాలి, ఛాతీ లేస్తుందో లేదో చూడాలి, ఆ తర్వాత ముప్పై నొక్కులకు రెండు ఊపిర్ల చొప్పున సాగాలి. కడుపు నొక్కి నీళ్లు తీయాలని చూడొద్దు. ఇది చెప్పడానికి ఎంత సేపు పడుతది?

నా పోరు మీద ఆ పిల్లగాడు అందరినీ మళ్లీ కూర్చోబెట్టి చూపించిండు. ఆడోళ్లలో నలుగురు ముందుకొచ్చి ఊదిండ్రు. ఎవరూ ముందుకు రారన్న మాట ఎవరు పుట్టించిండ్రో! పసిపిల్లను ఎత్తుకున్న ఒక కోడలుపిల్ల, “చిన్నపిల్లలకైతే ఎంత ఊదాలె అన్నా?” అని అడిగింది. బుగ్గల్లో పట్టేంత గాలి చాలు అన్నడు. అంతసేపు జరిగిన క్లాసులో అసలైన ప్రశ్న అదే.

పిలుపుల దగ్గర కూడా నాకు కోపమే. ఆఫీసుల వాళ్లు వచ్చిండ్రు, నాయకులు వచ్చిండ్రు. నాట్లకు పోయిన ఆడోళ్లు, మోటరు దగ్గర ఉండే మగోళ్లు, కాలువ మీద తిరిగే లష్కర్లు ఏరీ? ఆపద వచ్చేది వాళ్ల పక్కన. కరెంటు షాక్ తగిలినోణ్ణి ముట్టుకోకముందు మెయిన్ బంద్ చేయాలని చెప్పే క్లాసు చెట్టు కింద, పొద్దుగూకినాక పెట్టాలి.

మా రోజుల్లో తెలివి లేదు గానీ ఉరికే కాళ్లు ఉండేవి. ఇప్పుడు తెలివి దొరుకుతున్నది, కాళ్లు మాత్రం ఫోన్ పట్టుకొని నిలబడ్డ చోటే నిలబడుతున్నయి. కేసు మెడకు చుట్టుకుంటదని ఇంకా భయపడుతున్నరు. రోడ్డు మీద దెబ్బ తిన్నోళ్లకు సాయం చేసిన మనిషిని వేధించొద్దని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ రాసిండ్రు. ఇది కూడా క్లాసులో చెప్పాలి, గట్టిగా చెప్పాలి.

పోయేటప్పుడు ఆ పిల్లగాణ్ణి ఆపి అడిగిన, వచ్చే కారు పంటకు కాలువ నీళ్లు వదలకముందే మళ్లీ రమ్మని. “అధికారులు పంపితే వస్త సార్” అన్నడు. అధికారులకు అర్జీ నేనే రాస్తున్న. నాట్లేసే ఆడోళ్ల పేర్లు, లష్కర్ల పేర్లు, మోటర్లున్న రైతుల పేర్లు దానికి జత చేస్తున్న. బొమ్మ ఒకటి కాకుండా రెండు పంపాలని, మనిషికి పది నొక్కులు కాదు, రెండు నిమిషాలు పూర్తిగా ఇవ్వాలని, ఊదుడు తప్పకుండా నేర్పాలని అందులో రాసిన.