కోటను తవ్వి ఎముకను పట్టి

మెటల్ డిటెక్టర్ అనగానే మనకు గుర్తొచ్చేది ఆఫీసుల ముందు నిలబెట్టే ఆ తలుపుల్లేని గుమ్మం. మీరు దాటితే కుయ్యిమంటుంది. మీ వెనకాయన దాటినా కుయ్యిమంటుంది. పక్కన కుర్చీలో ఉన్న సెక్యూరిటీ ఆయన మాత్రం ఫోన్లోంచి తల ఎత్తడు. మోగడం దాని డ్యూటీ, పట్టించుకోకపోవడం ఈయన డ్యూటీ. ఇద్దరూ ఏనాడూ సెలవు పెట్టలేదు.

ఇప్పుడదే సరుకును కర్రకి తగిలించి, కింద పళ్లెం బిగించి, ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. పాత నాణేలు వెతకడం హాబీ అట. మా అనకాపల్లికీ వచ్చింది. మా వీధి చివరి కుర్రాడొకడు తెప్పించుకున్నాడు. బీటెక్ చదివాడు. రెండేళ్లు ఉద్యోగం వెతికాడు. ఇప్పుడు నాణేలు వెతుకుతున్నాడు. ఇవైతే తొందరగా దొరుకుతాయని వాడి లెక్క. కాదని చెప్పే ధైర్యం మీకుందా?

"ఏటి దొరికిందిరా?" అనడిగాను.

"సోడా మూతలు బాబాయ్. గుట్కా రేకులు. ఓ ఎద్దు నాడా."

పాపం, యంత్రం తప్పేం లేదు. పలచటి బంగారు ముక్కకీ, సిగరెట్ పెట్టెలోని రేకుకీ దాని చెవికి ఇంచుమించు ఒకటే మోత. తవ్వి చూస్తేగానీ ఏది ఏదో తెలీదు. అయిదేళ్లకోసారి ఓటు వేసి వచ్చేవాడికి ఈ బాధ కొత్తగా చెప్పాలా?

అసలు ఈ నేలలో నాణేలు లేకనా? ఊరికి కూతవేటు దూరంలో శంకరం. సంఘారామం అన్న మాటే అరిగి అరిగి శంకరం అయిందంటారు. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ. 1906లో అలెగ్జాండర్ రీ అనే దొర తవ్వించాడు. శాతవాహనుల నాణెం, సముద్రగుప్తుడి కాలం నాటి నాణెం, కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు బయటపడ్డాయి. ఎక్కడి శాతవాహనులు, ఎక్కడి గుప్తులు, ఎక్కడి వేంగీ చాళుక్యులు! అందరి చిల్లరా ఈ ఒక్క కొండ మీదే రాలింది. అలాంటి కొండకి మనమేం చేశాం? కనుమ పండగనాడు పిల్లాపాపలతో వెళ్లి, అక్కడున్నది రాక్షసుడని రాళ్లు రువ్వాం. వారసత్వాన్ని కాపాడే ఇంటాక్ సంస్థవాళ్లు వచ్చి, బాబూ అది బుద్ధుడి చోటు అని బతిమాలితే మానేశాం. మెల్లగా, అయిష్టంగా.

ఇక చట్టం సంగతి. నిధుల చట్టం 1878 నాటిది. విక్టోరియా రాణి సొత్తు. నేలలో దాగిన సొమ్ము ఏదైనా దొరికి, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుగారికి రాతపూర్వకంగా తెలపాలి. సొమ్ము తీసుకెళ్లి ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా పూచీకత్తు ఇవ్వాలి. దాచావా, ఏడాది దాకా జైలు. చట్టంలో పది రూపాయలు ఇప్పటికీ పది రూపాయలే. కరెంటు చార్జీ పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది, ఎమ్మెల్యేల జీతాలు పెరిగాయి. ఇదొక్కటే ధరల పెరుగుదలకు లొంగని మొనగాడు.

ఇంకో ముచ్చట ఉంది, వినండి. దొరికిన నిధిని కలెక్టరు ప్రభుత్వం కోసం తీసుకోవచ్చు. ఎంతిచ్చి? అందులో ఉన్న లోహం ఖరీదు, దాని మీద అయిదో వంతు. కంసాలి కొట్లో బంగారం ధర, మజూరీ అన్నట్టన్నమాట. సరే, శాతవాహనుల సీసం నాణెం ఒకటి దొరికిందనుకోండి. అయిదు గ్రాములు. సీసం కిలో రెండు వందలు వేసుకుందాం. నాణెం ఖరీదు రూపాయి. చరిత్రకి మజూరీ ఇరవై పైసలు. ఆ ఇరవై పైసల బిళ్ల చెలామణీ కూడా 2011లోనే ఆపేశారు. అంటే సర్కారు చరిత్రకి కట్టే వెలని సర్కారే చెల్లదని ప్రకటించింది. ఇంత నిజాయితీ మరే శాఖలోనైనా చూశారా?

అలాగని చట్టం అందరికీ ఒకటేననుకునేరు. రాత్రిపూట పాడుబడ్డ గుడి దగ్గర నిమ్మకాయలు, కోడిపుంజు, ఓ డిటెక్టరు, ఓ అద్దె కారుతో దొరికితే అది గుప్తనిధుల ముఠా. వాళ్లని బల్ల వెనక వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. తీయాల్సిందే. నంది పొట్టలో వజ్రాలుంటాయని నందులు పగలగొట్టే వెధవల మీద నాకేం జాలి లేదు. మరి పట్టపగలు, పోలీసు కాపలా పెట్టి, మిషన్లతో కోట తవ్వితే? దాన్ని అభివృద్ధి అంటారు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో జరిగిందదే. నిధి ఉందన్నారు. సాక్షాత్తూ అప్పటి ప్రభుత్వమే అనుమతిచ్చింది. ఊరివాళ్లు మొత్తుకున్నా పలుగులు ఆగలేదు. చివరికి బయటపడినవి ఇటుకలు, ఎముకలు. కొండను తవ్వి ఎలుకను పట్టడం పాత సామెత. ఇక్కడ ఎలుక కూడా లేదు.

మనకే ఈ ఘనత అనుకోకండి. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేరాలో ఓ సాధువుగారికి కలొచ్చింది. కోట కింద వెయ్యి టన్నుల బంగారం! పురావస్తు శాఖవాళ్లు పారలు పట్టుకుని పరుగెత్తారు. బంగారం ఒక్క రవ్వ దొరికితే ఒట్టు. సాధువుకి కలొస్తే శాఖ కదులుతుంది. పురావస్తు పండితుడు మేలుకుని అరిచినా ఫైలు కదలదు. నిమ్మకాయలవాడికీ వీళ్లకీ తేడా ఎక్కడుంది? నిమ్మకాయలవాడు కనీసం సొంత డబ్బుతో తవ్వాడు.

మనకి 1878 చట్టం తగిలించి వెళ్లిన దొరలు తమ ఇంట్లో ఏం చేసుకున్నారు? 1996లో కొత్త చట్టం రాసుకున్నారు. మరుసటి ఏడాది నుంచి, హాబీగా వెతికేవాళ్లకి దొరికింది దొరికినట్టు నమోదు చేసే పథకం మొదలెట్టారు. ఏ పొలంలో, ఏ మూల దొరికిందో రాసుకుంటారు. ఇప్పటికి పది లక్షల పైచిలుకు వస్తువులు అలా లెక్కకెక్కాయి. అక్కడా దొంగలున్నారు, కాదనను. కానీ తెచ్చి చూపించేవాడిని దొంగలా చూడకూడదని వాళ్లకి తెలిసింది. విడిచిన పాత చొక్కా మనకిచ్చి వాళ్లు కొత్తది కుట్టించుకున్నారు. మనం ఇస్త్రీ చేసుకుని అదే తొడుక్కుంటున్నాం.

దొరికిన చోటు ఎందుకంత ముఖ్యం అంటారా? తెలంగాణలోని కోటిలింగాలలో పాటి దిబ్బల మీద తొలి శాతవాహన రాజు సిముకుడి పేరున్న నాణేలు దొరికాయి. శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రిగారు వాటిని లోకానికి చూపించారు. శాతవాహనులు ఎక్కడివారన్న వాదన అక్కడినుంచి మలుపు తిరిగింది. ఎందుకు? గోదావరి గట్టున, ఫలానా ఊళ్లో దొరికాయి కాబట్టి. అదే నాణెం ఊరూ పేరూ లేకుండా ఏ వేలంపాటలోనో కనబడితే? అద్దాల పెట్టెలో మూగబొమ్మ. మట్టిలోంచి ఎత్తిన క్షణమే సగం కథ మట్టిలో కలిసింది. డిటెక్టరు పట్టిన కుర్రాడు చేసే నష్టం ఇదే. నిజమే. తిడదాం. కానీ వాడు జానెడు గొయ్యి తవ్వే లోపు, పక్కనే ఓ జేసీబీ దిబ్బకి దిబ్బే ఎత్తి లారీలో పోస్తుంది. పాటి మన్ను, గ్రావెలు, ఏదైతేనేం, లోడు లోడే. దానికి డిటెక్టరు అక్కర్లేదు, కలెక్టరు అక్కర్లేదు. ఆ లారీ ఎవరిదని అడిగి చూడండి. అందరి ఫోన్లూ ఒక్కసారే స్విచాఫ్ అవుతాయి.

మొన్న మా కుర్రాడికి నిజంగానే ఒకటి దొరికింది. మేనమామ చెరకు తోట గట్టు మీద. అరచేతిలో పెట్టి చూపించాడు. బొటనవేలి గోరంత ఉంది. బూడిదరంగు, ఓ పక్క చిట్లిన అంచు, మధ్యలో తెల్లటి బూజు. రుద్దితే ఏనుగు తొండమో చెట్టు కొమ్మో తేలని గీత. సీసం. శారదా నదిలో వేసే వలకి కట్టే గుండు పక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం.

"ఆఫీసులో ఇచ్చేద్దాం బాబాయ్, మనకెందుకు గొడవ" అన్నాడు. ముచ్చటేసింది. వెంట వెళ్లాను. ఏ ఆఫీసో అడక్కండి. గుమ్మం దాటుతుంటే వాడి జేబులో నాణేనికి కుయ్యిమంది. కుర్చీలో ఆయన తల ఎత్తలేదు. లోపల గుమాస్తా ముందుగా కళ్లజోడు పెట్టుకున్నాడు.

"ఎన్ని తులాలు?"

"సీసమండి."

కళ్లజోడు తీసేశాడు. దీనికి ఏ ఫారమో తెలీదన్నాడు. పై సెక్షన్‌లో అడగమన్నాడు. పై సెక్షన్‌లో, అసలు తవ్వమని నీకెవరు చెప్పారన్నారు. ఆధార్ జిరాక్స్ తెమ్మన్నారు, పొలం కాగితాలు తెమ్మన్నారు, సోమవారం రమ్మన్నారు. సోమవారం సారు మీటింగులో ఉన్నారు. మరో సోమవారం కిందాయన మళ్లీ మేమే అని గుర్తుపట్టి, గొంతు తగ్గించి, "బంగారమైతే చెప్పు తమ్ముడూ" అన్నాడు.

ఆ సీసం ముక్క ఇప్పుడు మేనమామ వల అంచుకి కట్టి ఉంది. బాగా బరువుందట. వల చక్కగా మునుగుతోందట.