తుమ్మలపల్లె బుల్లెట్టును నేను

నేను బుల్లెట్టును. 346 సీసీ ఇంజను, 18 గుర్రాల బలం, నాలుగు గేర్లు. గేరు కడ్డీ కుడికాలి కింద ఉంటుంది, బ్రేకు ఎడమకాలి కింద. ఈ కాలం బండ్లకు అలవాటుపడినవాళ్ళు నా మీద కూర్చుంటే మొదట తికమకపడేది అక్కడే. 1996లో తిరువొత్తియూరు కర్మాగారంలో పుట్టాను. మద్రాసుకు చెన్నై అనే పేరు వచ్చిన సంవత్సరమది. నా ట్యాంకు మీది బంగారురంగు గీతలు యంత్రం గీసినవి కావు. కుంచె పట్టిన మనిషి చేయి ఒక్క ఊపులో లాగిన గీతలవి. ఇప్పుడు నా నివాసం కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో, యురేనియం గనిలో ఫిట్టరుగా పనిచేసే ఒకాయన ఇంట్లో.

మా వంశం సంగతి కొంచెం చెప్పాలి. నా మరమ్మతు కథంతా దాని మీదే నిలబడి ఉంది. 1930లలో ఇంగ్లండులోని రెడిచ్ పట్నంలో మా పేరు మొదట వినపడింది. 1950లలో మన సైన్యం సరిహద్దు గస్తీకి మమ్మల్ని ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళు రెడిచ్ కంపెనీతో చేయి కలిపి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టారు. 1970 వచ్చేసరికి ఇంగ్లండులో మా తయారీ ఆగిపోయింది. మద్రాసులో మాత్రం ఆగలేదు, సరికదా 1977 నుంచి ఇక్కడి బండ్లే ఇంగ్లండుకు ఓడెక్కాయి. ఇన్నేళ్ళలో నా ఇంజను రూపు పెద్దగా మారలేదు. అందువల్ల ఒక మేలు జరిగింది. పులివెందులలోనైనా, ప్రొద్దుటూరులోనైనా, ఏ చిన్న షెడ్డులోనైనా నన్ను విప్పడం తెలిసిన మనిషి ఉంటాడు, నా సామాను దొరుకుతుంది.

నా మొదటి యజమాని పులివెందుల దగ్గర చీనీతోటల రైతు. తోటకు, సంతకు, కడపకు నా మీదే తిరిగేవాడు. ఇంట్లోకి తేలికపాటి బండ్లు వచ్చాక నన్ను గడ్డివామి పక్కన నిలిపారు. బండికి అరుగుదల కన్నా కదలకుండా నిలిచిపోవడమే ఎక్కువ చేటని నాకు అక్కడ తెలిసింది. ట్యాంకులో తుప్పు పట్టింది. పాయింట్ల మీద బూడిదరంగు పొర కట్టింది. ఆయిలు మెల్లగా జారి ఇంజను అడుగుకు చేరింది. గొలుసు కట్టెలా బిగుసుకుపోయింది. రెండో యజమాని వచ్చి చూసినప్పుడు నేను తొక్కితే కదిలే స్థితిలో కూడా లేను.

ఆయన గని మనిషి. తుమ్మలపల్లె గనికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో మిల్లు మొదలైంది. వేంపల్లె సున్నపురాతి పొరల్లోంచి తవ్విన ఖనిజం వాలు సొరంగంలో కన్వేయరు బెల్టు మీద పైకి వస్తుంది. ఆ బెల్టు ఆగితే పనంతా ఆగుతుంది. అందుకే అక్కడి ఫిట్టర్లు చెడిపోయాక పరుగెత్తరు, చెడకముందే చూస్తారు, చూసింది పుస్తకంలో రాస్తారు. ఆ అలవాటు ఆయనతోపాటు ఇంటికి వచ్చింది. నా కోసం ఒక గళ్ళ నోటుపుస్తకం కొన్నాడు. ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ పని చేసిందీ అందులో ఉంటుంది.

నాపబండలు పరిచిన వసారాలో నన్ను మెయిన్ స్టాండు మీద నిలిపి, కొత్తది ఏదీ కొనకుండా ముందు విప్పడం మొదలుపెట్టాడు. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ కోడిగుడ్ల అట్టల గుంతల్లో వరసగా పెట్టి, పక్కన పెన్సిలుతో పేరు రాసేవాడు. బళ్ళో చదివే కూతురు సాయంత్రాలు పక్కన కూర్చునేది.

"నాయనా, పెద్ద లైటు, సైడు పెట్టెలు ఎప్పుడు పెడతావు?" అని అడిగింది ఒకరోజు.

"తొందరపడగాకు అమ్మీ. ఇది కంపెనీలోనించి వచ్చినప్పుడు ఎట్లుండెనో ముందు అట్ల కావల్ల. కొత్తవి ఆ తర్వాత."

ఆ మాట నా రెండో జన్మకు పునాది. అరిగిన బండికి అలంకారం చేస్తే అరుగుదల దాగుతుందేగాని పోదు. ట్యాంకు లోపల కడిగి తుప్పు తీశాడు. కార్బురేటరు విప్పి జెట్ల రంధ్రాలు గాలితో ఊది శుభ్రం చేశాడు. ఎడమవైపు చైనుకేసు మూత ఒకే ఒక్క పెద్ద నట్టుతో నిలుస్తుంది. అది తీసి క్లచ్ ప్లేట్లు, లోపలి గొలుసు వదులు చూశాడు. కుడివైపు టైమింగ్ కవరులో నా ఆయిలు పంపులు రెండు ఉంటాయి. ఒకటి ఇంజనుకు ఆయిలు పంపుతుంది, ఇంకొకటి వెనక్కి లాగుతుంది. వాటిని శుభ్రం చేసి, పక్కనున్న ఫిల్టరు మార్చాడు. స్పోకులు ఒక్కొక్కటి పానాతో తట్టి, మోతలో తేడా విన్నచోట బిగించాడు.

టాపెట్ల పని మాత్రం కూతురి చేత చేయించాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున. సిలిండరు పక్కనున్న చిన్న మూత తీస్తే పుష్‌రాడ్లు కనిపిస్తాయి. వేళ్ళతో తిప్పితే అవి తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. బిగువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. వదులైతే టకటక చప్పుడు వస్తుంది. ఆ సందును ఆ పిల్ల వేళ్ళు ఇట్టే పట్టుకున్నాయి.

కిక్కు కొట్టడమూ ఆమెకు నేర్పాడు. నాకు బలం కంటే ఒడుపు ముఖ్యం.

"మెల్లగా తొక్కు. అమీటరు ముల్లు నడుమకు వచ్చిందా?"

"వచ్చింది నాయనా."

"అంటే పాయింట్లు తెరుచుకుండాయి, పిస్టను పైకి వచ్చి ఉండాది. ఇప్పుడు డీకంప్రెషన్ లీవరు పట్టుకొని రవ్వంత కిందికి జరుపు. లీవరు వదులు. కాలు పైకి తెచ్చుకో. ఇంగ కొట్టు."

ఒక్క కిక్కుతో లేచాను. ఆ వీధిలో అంతవరకు ఆడపిల్ల బుల్లెట్టు కిక్కు కొట్టడం ఎవరూ చూసింది లేదు.

ఆ తర్వాతే మార్పుల సంగతి వచ్చింది. దూరప్రయాణాల మీద ఆయనకు మోజు. అందుకు నన్ను సిద్ధం చేయాలి. ఏ సామాను గురించైనా ఆయన మూడు ప్రశ్నలు వేసుకునేవాడు. మేం పోయే దారికి ఇది కావాలా? నా ఇంజను, నా కరెంటు దీన్ని మోయగలవా? నడిదారిలో ఇది చెడిపోతే చేతిలో ఉన్న పానాలతో మళ్ళీ కదలగలమా? మూడింటికీ జవాబు కుదిరితేనే అది నా ఒంటి మీదికి వచ్చేది.

మొదటిది వెలుగు. నా పాత బల్బు 35 వాట్లది. మన పల్లె రోడ్ల మీద రాత్రి గొర్రెల మంద, కల్లం ఆరబోత, లైటు లేని ట్రాక్టరు ట్రాలీ ఏవైనా ఎదురుకావచ్చు. 60 వాట్ల హాలోజన్ పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 ఆంపియర్లు లాగుతుంది. దానితోపాటు హారను, బ్రేకు లైటు, ఫోను చార్జరు కలిస్తే నిదానంగా పోయేటప్పుడు అమీటరు ముల్లు ఎడమకు వాలిపోయి బ్యాటరీ ఖాళీ అవుతుంది. అందుకని తక్కువ కరెంటుతో వెలిగే ఎల్ఈడీ బల్బు ఎంచుకుని, రిలే పెట్టి, బ్యాటరీ నుంచి మందమైన తీగ లాగాడు. చార్జరుకు విడిగా ఒక ఫ్యూజు పెట్టాడు. తర్వాత గోడకు ఎదురుగా నిలిపి, ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా కాంతిని కిందికి దించాడు. తనకు దారి కనిపించాలంటే ఎదుటి మనిషికీ దారి కనిపించాలని ఆయన లెక్క.

రెండోది స్ప్రాకెట్టు. గేరుబాక్సు దగ్గర 16 పళ్ళది తీసి 17 పళ్ళది వేశాడు. అదే వేగానికి ఇంజను తిరుగుడు సుమారు ఆరు శాతం తగ్గింది. కడప నుంచి మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద నాకది హాయినిచ్చింది. చేతులకు అదురు తగ్గింది. ఘాట్లలో మాత్రం ఒక గేరు ముందుగానే దించాలి. ఒకచోట లాభం వస్తే ఇంకొకచోట ధర చెల్లించాలి. ఆ ధర తెలుసుకుని ఒప్పుకున్నాడు కాబట్టి నేనూ ఒప్పుకున్నాను.

మూడోది ఆయన వద్దనుకున్నది. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమని స్నేహితులు చెప్పారు. అందులో నిజముంది. దానికి అరుగుదల ఉండదు, సందు సరిచేసే పని ఉండదు, నిప్పురవ్వ ఎప్పుడూ ఒకే క్షణానికి పడుతుంది. కానీ ఆ డబ్బా ఒకసారి పోతే కొత్తది తెచ్చేదాకా బండి కదలదు. పాయింట్ల సందైతే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజి ఉంటే చెట్టు కింద కూర్చుని సరిచేసుకోవచ్చు. అందుకే పాయింట్లే ఉంచి, ఒక కొత్త పాయింట్ల సెట్టు, కండెన్సరు పానాల సంచిలో పెట్టాడు. రోజూ పట్నంలో తిరిగే బండికి ఎలక్ట్రానిక్ మంచిదే. నా దారి నల్లమల.

చక్రాల విషయమూ అంతే. ముందూ వెనకా ఒకే కొలత నాకు, 3.25-19. కాబట్టి ఒక్క ట్యూబు వెంట ఉంటే రెండు చక్రాలకూ పనికొస్తుంది. తుమ్మముళ్ళ సీమలో ఇది చిన్న వరం కాదు. లీవర్లు, ప్యాచీలు, గాలిపంపు సీటు కింద ఉంటాయి. వెనక క్యారియరు వెల్డింగు పులివెందులలో చేయించాడు. బరువు వీలైనంత కిందికి, నడుముకు దగ్గరగా వచ్చేటట్టు కొలతలిచ్చాడు. ఎత్తుగా, వెనగ్గా కట్టిన మూట మలుపులో ముందుచక్రాన్ని తేలిక చేస్తుందని ఆయనకు తెలుసు. సైలెన్సరు మాత్రం కంపెనీదే. ఊరిని నిద్రలేపే మోత నా గొంతు కాదు.

మా సీమ ఎండ నాకు పెద్ద పరీక్ష. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి దారుల్లో వేసవిలో 43, 44 డిగ్రీలు కాస్తాయి. గాలితోనే చల్లబడే ఇంజను నాది. అందుకే 20డబ్ల్యూ-50 ఆయిలు వాడతాడు, వేసవి ముందు తప్పక మారుస్తాడు. రేగడి దుమ్ము సన్నగా పిండిలా ఉండి గాలి ఫిల్టరులోకి దూరుతుంది. అందువల్ల పుస్తకంలో చెప్పిన గడువు కన్నా ముందే దులుపుతాడు. గొలుసుకు ప్రయాణం అయిన వెంటనే, వేడి మీద ఉన్నప్పుడే ఆయిలు పట్టిస్తాడు. నడిమధ్యలో వేలితో ఎత్తితే 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. టైర్ల గాలి పొద్దున్నే, కదలకముందే చూస్తాడు. తీసిన ఆయిలు వంకలో పోయడు, చేలో పోయడు. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవాళ్ళకు ఇస్తాడు. బోరులో నీళ్ళ కోసం అప్పులు చేసే సీమలో నేలలోకి విషం వదలడం ఆయనకు చేతకాదు.

ఈ శ్రమకు ఫలం దారిలో దొరికింది. ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు దాటి గండికోటకు పోయాం. ఎర్రమల కొండలను పెన్న చీల్చిన లోయ అంచున, మాధవరాయ ఆలయమూ జామా మసీదూ ఒకే కోటలో ఉన్న చోట నన్ను నిలిపారు. బెలుం గుహలకు పోయాం. అక్కడినుంచి అహోబిలం, తర్వాత ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం. నల్లమల పులుల అడవి. రాత్రి 9 తర్వాత గేట్లు మూస్తారు కాబట్టి వెలుగుండగానే దాటాలి. దోర్నాల దాటిన ఒక మలుపులో క్లచ్ కేబులు తెగింది. వెనకాల కూతురు ఉంది, పొద్దు వాలుతోంది. కానీ కొత్త కేబులు ముందే పాతదాని పక్కనే లాగి టేపుతో కట్టి ఉంది. రెండు చివరలూ మార్చి తగిలించడమే మిగిలిన పని. ఆ పిల్ల లీవరు దగ్గరి చివర తగిలించింది, ఆయన గేరుబాక్సు వైపు చూశాడు. గేటు మూసేలోపలే శ్రీశైలంలో ఉన్నాం.

నాకు పదిహేనేళ్ళు నిండిన తర్వాత ప్రతి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను కొత్తగా చేయించాలి. నా ఏపీ 04 నంబరు పలక చూసి కొందరు ఇంకా ఉందా ఈ బండి అంటారు. తనిఖీకి పోయిన ప్రతిసారీ బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ సరిగా ఉన్నాయని రాసిస్తారు. నేను పాతబడలేదని కాదు. నాలో పాతబడినదాన్ని పాతబడినప్పుడే మార్చే చేతులు ఇంట్లో ఉన్నాయి.

నన్ను చూసి బండి కొనాలనుకునే పిల్లలకు ఒక మాట. సామాను తగిలించడానికి ముందు మీ బండిని ఒక్కసారైనా మీ చేతులతో విప్పండి. ఆయిలు మార్చడం, గొలుసు సరిచేయడం, పంచరు వేయడం, ప్లగ్గు తుడవడం నేర్చుకోండి. బ్రేకుల దగ్గర, చక్రాల దగ్గర అనుమానం వస్తే సిగ్గుపడకుండా తెలిసిన మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకోండి. బాగుచేసుకోలేనిదాన్ని బండికి తగిలిస్తే అది బలం కాదు, బరువు.

వచ్చే కార్తీకంలో లేపాక్షికి, అటునుంచి హంపికి పోవాలని ఇంట్లో అనుకుంటున్నారు. అంతకుముందు వెనక చక్రం హబ్బులోని రబ్బర్లు మార్చాలి, ముందు బ్రేకుకు కొత్త లైనర్లు వేయాలి, క్లచ్ ప్లేట్లు చూడాలి. నోటుపుస్తకంలో ఆ జాబితా ఈసారి కూతురి చేతిరాతలో ఉంది. పని ఆమె చేస్తుంది, పక్కన కూర్చుని పానాలు అందించేది నాయన.