పచ్చ పేపరు

ఏ డిగ్రీ చదివినా పర్యావరణం పేపరు ఉండాల్సిందే. యూజీసీ 2023 లెక్కలో 4 క్రెడిట్లు.

చెప్పేదెవరు?
‘మాది లెక్కలు’ అన్నారు కామర్స్ వాళ్లు.
‘మాది కవిత్వం’ అన్నారు తెలుగు వాళ్లు.
‘మాకు ల్యాబ్ ఉంది’ అన్నారు కెమిస్ట్రీ వాళ్లు.
చివరికి నిన్నగాక మొన్న చేరిన గెస్ట్ లెక్చరర్ దొరికాడు, పాపం!

మొదటి పాఠం: కాగితం పొదుపు.
అసైన్‌మెంట్: 40 పేజీల రికార్డు. ఒకవైపే రాయాలి. ప్లాస్టిక్ అట్ట తప్పనిసరి.

ఈ పర్యావరణం పేపరు కాలేజీల్లో పెట్టించమని 1991లో చెప్పింది సుప్రీంకోర్టు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనే, కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేత ఆపించిందీ ఆ కోర్టే.

థియరీ కోర్టు వాళ్లదే, ప్రాక్టికల్సూ వాళ్లవే. జీతం కూడా అక్కడికే పంపండి!