ఖర్చు లేని చదువు: ఒక పరిచయం

బడికి కట్టే డబ్బు మిగుల్చుకుని, ఇంటి పనుల్లోనే పిల్లలకు చదువంతా అబ్బుతుందని నమ్మే పద్ధతిని హోమ్‌స్కూలింగ్ అంటారు. సికింద్రాబాద్‌లో దీని సహజ ఆవాసం మూడు పడకగదుల అపార్ట్‌మెంటు. ప్రైవేటు బడుల ఫీజులు, బస్సు చార్జీలు, బడిలోనే కొనాల్సిన బూట్లు చూసి విసిగిన తల్లిదండ్రుల్లో ఇది మొలకెత్తుతుంది. ఆ విసుగు న్యాయమైనదే. దాన్నుంచి పుట్టిన సిద్ధాంతం సంగతి వేరు.

సిద్ధాంతం ప్రకారం మోండా మార్కెట్ గణితశాల. పులిసిన ఇడ్లీ పిండి జీవశాస్త్రం, పోపులో చిటపటలాడే ఆవాలు భౌతికశాస్త్రం. ఉజ్జయిని మహంకాళి బోనాల క్యూలో నిలబడితే సాంఘికశాస్త్రం పూర్తవుతుంది. కరెంటు బిల్లులోని స్లాబులు అర్థశాస్త్రం. ఇది పెద్దలకూ కొరుకుడుపడని ఉన్నత విద్య గనుక చివరికి ఉంచుతారు. ఆచరణలో మార్కెట్ పాఠం కొంత కుంటుతుంది. బేరం అమ్మ ఆడుతుంది, విద్యార్థి సంచీ పట్టుకుంటాడు. డబ్బు ఫోన్‌తో కొడితే ఎంత ముట్టిందో బండి మీది స్పీకరు పెట్టె అరిచి చెబుతుంది. చిల్లర తీసుకునేది లేదు కాబట్టి తీసివేతల పాఠం అక్కడితో సమాప్తం. భిన్నాలు ఎప్పుడు నేర్చుకోవాలన్నది టమాటా ధరను బట్టి ఉంటుంది.

ఈ పద్ధతిలో గురువు అమ్మ. తండ్రి విధాన నిర్ణేత. ఆయన దర్శనం ఆదివారాల్లో. ఖర్చు లేదన్న లెక్క ఎలా తేలిందో తెలియాలంటే ఇక్కడే ఆగి చూడాలి. అమ్మ మానేసిన ఉద్యోగం, ఆగిన జీతం, ప్రావిడెంట్ ఫండ్, నాలుగేళ్ల తర్వాత మళ్లీ పనికోసం వెళితే ఎదురయ్యే ప్రశ్నలు ఏ పద్దులోనూ ఎక్కవు. వంట ఎలాగూ చేస్తుంది కదా, చేస్తూ చేస్తూ రసాయనశాస్త్రం చెబితే పోయిందేముంది అన్నది వాదన. శ్రమ గౌరవం కూడా పాఠ్యాంశమే, అమ్మ శ్రమ మినహాయించి.

పొదుపే లక్ష్యమైతే అంతకన్నా చవకైన దారి ఆ వీధి చివరే ఉంటుంది. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, పుస్తకాలూ యూనిఫారాలూ ఉచితం, మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు. ఖర్చు లేని చదువు మీద గంటసేపు ఉపన్యసించేవారు ఆ గేటు ముందునుంచే కారులో వెళతారు.

పైగా ఈ విధానం కొత్తదేమీ కాదు. టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు కడుగుతూ లెక్కలు నేర్చిన కుర్రవాడు, తమ్ముణ్ణి ఎత్తుకు తిప్పుతూ శిశు సంరక్షణలో నైపుణ్యం సాధించిన ఆడపిల్ల ఈ పాఠ్యప్రణాళికను ఎప్పుడో పూర్తిచేశారు. వాళ్లను మాత్రం హోమ్‌స్కూలర్లు అనరు, బడి మానేసినవాళ్లంటారు. అలాంటి పిల్లల్ని బడికి తెచ్చే పని చేపట్టిన, 1981లో ఏర్పడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ కార్యాలయం ఉన్నది సికింద్రాబాద్ వెస్ట్ మారేడుపల్లిలోనే. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడేనన్నది ఆ సంస్థ సూత్రం. ఇంట్లో పనిచేస్తూ నేర్చుకుంటారన్న మాటను అది పల్లె పల్లెలో ఎదుర్కొంది, పిల్లల్ని పశువుల వెంట నుంచీ పత్తిచేల నుంచీ తప్పించి బడిలో కూర్చోబెట్టింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆమె జీవితమంతా ఖండించిన వాదన ఇప్పుడు లిఫ్టులో పై అంతస్తుకు చేరి విద్యాదర్శనమైంది.

చట్టం ఈ విషయంలో మెత్తగానే ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది, చేర్చకపోతే వారికి శిక్ష మాత్రం చెప్పదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, ప్రమాదకరం కాని ఇంటి పనుల్లో పిల్లలు సాయపడొచ్చంటూనే, అది బడి వేళల తర్వాతో సెలవుల్లోనో అని షరతు పెట్టింది. చట్టం బడి తర్వాత అన్నదాన్ని హోమ్‌స్కూలింగ్ బడికి బదులు అని చదువుకుంది.

చివరికి సర్టిఫికెట్ కావాల్సినప్పుడు అందరూ వెళ్లేది జాతీయ సార్వత్రిక విద్యాపీఠానికో, రాష్ట్ర ఓపెన్ స్కూల్‌కో. అక్కడ పాఠ్యపుస్తకం, పరీక్ష ఫీజు, హాల్‌టికెట్ ఉంటాయి, బేరం ఉండదు. పదో తరగతి పరీక్షలో ఇడ్లీ పిండి గురించి అడిగే అవకాశం తక్కువ.

ఏటా జూన్‌లో బడిబాట పేరుతో ప్రభుత్వ ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరిగి, బడి మానేసిన పిల్లల పేర్లు రాసుకుంటారు. వాళ్లు వెతికేది బస్తీల్లో. అపార్ట్‌మెంట్ పిల్లల పేర్లు ఆ జాబితాకు ఎక్కవు. అయినా దారి మూసుకుపోలేదు. బదిలీ పత్రం లేకపోయినా, ఏడాది మధ్యలో వచ్చినా బిడ్డను చేర్చుకోవాలనీ, వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి వెనుకబడిన పాఠాలు ప్రత్యేకంగా చెప్పాలనీ అదే విద్యాహక్కు చట్టంలో ఉంది.