కొండెక్కిన భక్తి

దైవమును చేరుటకు పూర్వులు ఎంచుకొన్న మార్గములు మిక్కిలి కష్టతరములు. పైగా డబ్బు ఖర్చులేనివి యగుటచే నాగరికులకు రుచింపనివి. ఎడారి గుహలలో ఉపవసించినవారు, మఠములలో నడిరేయి మేల్కొని కీర్తనలు పాడినవారు, కుష్ఠరోగుల పుండ్లు కడిగినవారు ఎంత కాలమును వృథాపుచ్చిరో నేటి అమెరికా దేశపు క్రైస్తవ సాహస శిబిరములను చూచినగాని మనకు బోధపడదు. అచ్చటికి శుక్రవారము సాయంకాలము సంచి భుజమున వేసికొని వచ్చిన పదునాలుగేండ్ల బాలుడు శనివారము ఉదయమున త్రాడు కట్టుకొని బండ యెక్కి, మధ్యాహ్నము రబ్బరు తెప్పపై నదీవేగమున కొట్టుకొనిపోయి, సాయంకాలము ఇనుప తీగకు వ్రేలాడి లోయ దాటి, రాత్రి నెగడు చుట్టును కూర్చుండి, సృష్టి మొదలు అంత్యతీర్పు వరకు గల సమస్త సిద్ధాంతములను అవగతము చేసికొని, ఆదివారము భోజనమువేళకు ఇల్లు చేరుచున్నాడు. థామస్ అక్వినాసు పండితునకు ఈ సౌకర్యము లేకపోవుటచేతనే కాబోలు, ఆయన మహాగ్రంథము అసంపూర్ణముగ నిలిచిపోయినది.

ఈ బోధనాపద్ధతికి గల వ్యాకరణము అతి సులభము. త్రాడు విశ్వాసము. నడుమునకు బిగించెడి హార్నెసు కృప. క్రింద నిలిచి త్రాటిని పట్టుకొన్నవాడు క్రీస్తు. తలపైనున్న హెల్మెటు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోని రక్షణ శిరస్త్రాణము. దిక్సూచి బైబిలు. తెప్ప వెనుకభాగమున తెడ్డు పట్టి కేకలు వేయువాడు పరిశుద్ధాత్మ. నదిలోని సుడి పాపము, ఒడ్డుననున్న బురద లోకము, చెవియొద్ద పాడు దోమ శోధన. ఇక మిగిలినది మధ్యాహ్నము పెట్టిన వేరుసెనగ వెన్న రొట్టె. వెదకినచో దానికిని ఒక అధ్యాయము దొరకకపోదు. మోకాలికిని బోడిగుండునకును ముడివేయుట అసాధ్యమని మన పెద్దలు తలచిరి గాని, ముడులు వేయుట నేర్పెడి శిబిరములు వెలసిన పిమ్మట ఆ సామెతకు కాలము చెల్లినది.

ఒక్క దృశ్యమును దగ్గరగ నిలిచి చూతము. కొలరాడో పర్వతసానువున నొక శిబిరము. అందు ఎత్తైన యొక చెక్కగోడ. దానిపై రంగురంగుల గుబ్బలు. శిక్షకుడు బాలుని హార్నెసు బిగించి, త్రాటికొనను ఎనిమిది అంకె వలె మడిచి ముడివేసి, పేటలను ఒక్కొక్కటిగ వ్రేలితో తడవి చూచును. బకిలు లాగి చూచును. త్రాటిని హార్నెసునకు తగిలించెడి కారబినరను లోహపు కొక్కెపు మర బిగిసినదో లేదో నొక్కి చూచును. ఆ కారబినరు వెన్నుపై 22 కిలోన్యూటన్లని చెక్కియుండును. అనగా అది సుమారు 2,200 కిలోల బరువును ఓర్చునని యర్థము. దాని ద్వారము తెరచుకొన్నచో ఆ బలము దాదాపు మూడవవంతునకు దిగజారును గనుక శిక్షకుడు మరియొకసారి నొక్కి చూచును. పిమ్మట బాలుడు “ఆన్ బిలే?” (త్రాడు పట్టుకొంటివా?) అని యడుగును. క్రిందివాడు “బిలే ఆన్” అనును. “క్లైంబింగ్” అని బాలుడు, “క్లైంబ్ ఆన్” అని క్రిందివాడు. ఈ నాలుగు మాటలలో ఒక్కటి లోపించినను పాదము నేలను వీడరాదు. ఇంత తతంగము జరిగి, బాలుడు గోడ నడుమ వణకుచు వ్రేలాడుచుండగా, అదే శిక్షకుడు మెడ పైకెత్తి, “చూచితివా తమ్ముడూ? ఏమియు ప్రశ్నింపక, ఏమియు పరీక్షింపక నమ్ముటయే విశ్వాసము!” అని ఉపదేశించును.

పర్వతారోహణము ఆద్యంతము అనుమానముపై కట్టబడిన విద్య. త్రాడు నమ్మదగినది కాదు గనుక దానిని ఎక్కిన ప్రతిసారియు తడవి చూడవలెను. ఒక మేకు నమ్మదగినది కాదు గనుక రెండవదియు మూడవదియు కొట్టవలెను. మిత్రుడు ఏమరుపాటు పడవచ్చును గనుక అతని ముడిని నీవును, నీ ముడిని అతడును పరీక్షింపవలెను. తుదకు తన్ను తానును నమ్మరాదు. సందేహించువాడు ఇల్లు చేరును, సందేహింపనివాడు వార్తాపత్రికలో చేరును. ఇంతటి సంశయశాస్త్రమును నిస్సంశయవిశ్వాసమునకు ఉపమానముగ నిలిపిన బుద్ధిచాతుర్యమును మెచ్చుకొనక తీరదు. త్రాటిని చూచి పామని భ్రమించినవానిని మన వేదాంతులు దృష్టాంతముగ జెప్పిరి; త్రాటిని చూచి దైవమని భ్రమించువాడు ఒకడు పుట్టునని శంకరులకు సైతము తోచలేదు.

అమెరికాలోని తెలుగు సంఘములవారును బిడ్డలను ఈ శిబిరములకు పంపుచున్నారు గనుక ఈ విద్య మన యిండ్లకును చేరినది. గుంటూరు జిల్లానుండి డల్లాసులోని కుమార్తె యింటికి వచ్చియున్న యొక అమ్మమ్మ, శిబిరమునుండి తిరిగివచ్చిన మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏమి నేర్చితివని యడిగినదట. “తాడు మీద వేలాడుతుంటే, దేవుడికి నన్ను నేను పూర్తిగా అప్పజెప్పుకోవడం అంటే ఏంటో తెలిసింది అమ్మమ్మా” అని వాడనెను. “మంచిది నాయనా. మరి అంత నమ్మకం ఉన్న పెద్దమనుషులు, నీకేమన్నా అయితే మాకు సంబంధం లేదని మీ అమ్మచేత ముందే కాగితం మీద సంతకం ఎందుకు పెట్టించుకున్నార్రా?” అని ఆమె యడిగినది. శిబిరములలో పంచిపెట్టెడి సాహిత్యమంతటిలోను ఆ కాగితమొక్కటియే వ్రాసినవాడు ప్రతి మాటను మనసార నమ్మి వ్రాసినది. బిడ్డ పడవచ్చును, కాలు విరుగవచ్చును, ప్రాణమును పోవచ్చును, మా అజాగ్రత్తచేతనే పోయినను మీరు దావా వేయరాదు అని అందు స్పష్టముగ నుండును. దేవదూతలు చేతులతో ఎత్తి పట్టుకొందురను హామీ మాత్రము అందెచ్చటను కానరాదు. న్యాయవాదులు దానికి ఒప్పుకొనరు.

అంతటితో వింత తీరలేదు. సోమవారమునాడు అదే గోడయొద్దకు ఒక సాఫ్టువేరు సంస్థవారు తమ ఉద్యోగులను బస్సులో తోలుకొని వత్తురు. అదే త్రాడు, అదే ముడి, అదే వణకు. అయినను ఆ దినమున త్రాడు పరస్పర సహకారము, క్రిందివాడు మేనేజరు, గోడ చివర మూడవ త్రైమాసికపు లక్ష్యము. గురువారమునాడు మరియొక మతమువారు అద్దె చెల్లించి వచ్చినచో త్రాడు వారి దేవునికిని అంతే వినయముతో సాక్ష్యమిచ్చును. ఎవరు సొమ్మిచ్చిన వారి పక్షమున మాటాడు సాక్షికి న్యాయస్థానములలో ఎంత గౌరవము కలదో, ఈ కొండలు చెప్పెడి పాఠములకును అంతే గౌరవము చెల్లవలెను.

ఈ సాహసశిక్షణకు మూలపురుషుడైన కుర్ట్ హాన్ హిట్లరు చెరనుండి బయటపడి బ్రిటను చేరిన విద్యావేత్త. ఆయన 1941లో లారెన్స్ హోల్ట్ అను నౌకావ్యాపారి తోడ్పాటుతో వేల్సు తీరమున, అబర్డోవీయందు, ఔట్‌వర్డ్ బౌండ్ పాఠశాలను నెలకొల్పుటకు కారణము మిగుల లౌకికమైనది: టార్పెడో తగిలి ఓడ మునిగినప్పుడు యువనావికులు ప్రాణము నిలుపుకొనవలెను. మునుగుచున్న ఓడకు ఉపమేయము అక్కరలేదు. అది మునుగుచున్న ఓడయే. ఆ విద్య అమెరికాకు చేరి కొలరాడోలో స్థిరపడిన పిమ్మట, పర్వతములు తమంతట తామే మాటాడగలవా, లేక గురువు వాటి పక్షమున మాటాడవలెనా యను చర్చ వారిలోనే పుట్టి, 1980లో థామస్ జేమ్స్ అను నాతడు ఆ ప్రశ్ననే శీర్షికగ నుంచి ఒక వ్యాసము వ్రాసెను. లౌకికులకు కలిగిన ఆ సంకోచము మన సాహసబోధకులకు కలుగలేదు. కొండను త్రవ్వి ఎలుకను పట్టినవాడు కనీసము కొండను త్రవ్వెను, ఎలుకయు అచ్చటిదే. వీరు ఎలుకను ఇంటినుండియే జేబులో పెట్టుకొనివచ్చి, కొండప్రక్కన విడిచి, పిల్లలచేత త్రవ్వించి, దొరకినదని చప్పట్లు కొట్టింతురు.

కొండలకు నిజముగ పాఠములు చెప్పు స్వభావమే యున్నచో, వానిని చెప్పినంతవరకును వినవలెను గదా! ప్రసంగి గ్రంథమున మూడు పేటల త్రాడు త్వరగ తెగదని యొక మాట కలదు. త్రాళ్ల శిబిరములలో అది తారకమంత్రము. 1865వ సంవత్సరము జూలై 14వ తేదీన మాటర్‌హార్న్ శిఖరమును మొట్టమొదట ఎక్కి దిగుచున్న ఏడుగురిలో చార్లెస్ హడ్సన్ అను ఇంగ్లీషు పాదిరి యుండెను. అనుభవము చాలని యువకుడొకడు జారగా, త్రాడు తెగి నలుగురు లోయలో కూలిరి, వారిలో పాదిరిగారొకరు. బ్రదికినవాడు ప్రార్థనచే బ్రదుకలేదు, చచ్చినవాడు అవిశ్వాసముచే చావలేదు. ఉన్న త్రాళ్లలో బలహీనమైనది అచ్చట కట్టబడుటచే అది తెగినది. ఆ తెగిన త్రాడు నేటికిని జెర్మాట్ గ్రామపు ప్రదర్శనశాలలో నున్నది. దాని ముందు నిలిచి మూడు పేటల ఉపన్యాసము చెప్పు బోధకుడు ఎవడైన నున్నచో, ప్రవేశపు రుసుము నేను చెల్లింతును. ఇక ఆల్ప్సు పర్వతములలో ష్రెక్‌హార్న్ శిఖరమును 1861లో తొలిసారిగ నెక్కి, తరువాత ఆల్పైన్ క్లబ్బునకు అధ్యక్షుడైన లెస్లీ స్టీఫెన్ మతాచార్యుడుగ నుండి, విశ్వాసము సడలి, తుదకు 1875లో ఆచార్యపదవిని విధిపూర్వకముగ త్యజించెను. ఆయన ఎక్కిన శిఖరములలో పదవవంతు ఎక్కినవారు నేడు సాక్ష్యములు చెప్పుచున్నారు.

దిక్సూచి సంగతి ఇంతకంటెను రుచికరము. అది ఎల్లప్పుడును నిజమైన ఉత్తరమునే చూపునట్లు బైబిలును సత్యమునే చూపునని బోధకులు చెప్పుదురు. సియాటిల్ పరిసరములలో దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరమునకు సుమారు 15 డిగ్రీలు తూర్పుగ తొలగియుండును. ఆ తేడాను లెక్కవేయక ముల్లునే నమ్మి ఒక మైలు నడచినవాడు చేరవలసిన చోటికి పావుమైలు దూరమున తేలును. పైగా అయస్కాంతధ్రువము ఏటేటను కదలుచుండును గనుక నిరుటి లెక్క చిరకాలము పనికిరాదు. బైబిలునకు ఇంతటి అపవాదు నాస్తికులెవ్వరును తేలేదు.

అయినను మనము వీరిని వీరి గ్రంథముతోనే కొలుచుట న్యాయము. సువార్తలో క్రీస్తునకు జరిగిన మూడు శోధనలను సాహసశిబిరపు కార్యక్రమముగ చదివి చూడుడు: అరణ్యమున రాళ్లను రొట్టెలు చేసికొనుట, దేవాలయశిఖరమునుండి దూకి దేవుడు పట్టుకొనునని నిరూపించుట, మిక్కిలి ఎత్తైన కొండపైనుండి లోకరాజ్యములను తిలకించుట. మూడింటికిని నిర్వాహకుడు ఒక్కడే, వాడు అపవాది. దూకుమని ప్రోత్సహించుటకు కీర్తనల గ్రంథమునుండి వచనమును ఉదహరించిన ప్రథమ సాహసబోధకుడును వాడే. ప్రభువును శోధింపరాదని చెప్పి ఆయన ఆ శిబిరమున చేరుటకు నిరాకరించెను.

పౌలు సంగతియు చూడుడు. దమస్కు నగరపు గోడనుండి ఆయనను గంపలో కూర్చుండబెట్టి రాత్రివేళ క్రిందికి దింపిరి. త్రాళ్ల శిబిరమువారికి అంతకు మించిన పుణ్యకథ లేదు. కాని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో ఆయన దానిని తన బలహీనతల పట్టికలో చేర్చెనే గాని బిరుదుల పట్టికలో చేర్చలేదు. 276 మందితో ఆయన పోవుచున్న ఓడ తుపానులో చిక్కినప్పుడు, ఈ ప్రయాణము వలదని ముందే హెచ్చరించినవాడు ఆయనయే. నావికులు ఓడను విడిచి పారిపోజూడగా, ఆయన మాటపై సైనికులు చిన్నపడవ త్రాళ్లను కోసివేసిరి. పిమ్మట ఓడ బ్రద్దలైనను అందరును ఒడ్డు చేరిరి. ఆ కథలో రక్షణకు తోడ్పడిన త్రాడు తెగినదే. ఏలీయా హోరేబు కొండపై నిలిచినప్పుడు బండలను పగులగొట్టు గాలియు, భూకంపమును, అగ్నియు వచ్చినను దేవుడు వానిలో లేడని గ్రంథము మూడుమారులు నొక్కి చెప్పుచున్నది. పెట్రార్కు కవి 1336లో వెంటూ పర్వతమెక్కి, పైన ఆగస్టీను గ్రంథము తెరచి, కొండలను చూచి అబ్బురపడుచు తమ్ము తాము మరచువారిని గూర్చిన మాట కంటబడగా, సిగ్గుపడి దారిపొడుగునను మాటాడక దిగివచ్చెను. నేటి శిబిరమున నున్నచో ఆయనకు ఆ మౌనము దక్కెడిది కాదు, క్రిందికి దిగినవెంటనే వలయముగ కూర్చుండబెట్టి, “నీకేమనిపించినది? దానినుండి ఏమి గ్రహించితివి?” అని యడిగియుందురు.

పట్టణపు పిల్లలు ఫోను వదలి రెండు దినములు చెట్లక్రింద నిద్రించుట మంచిదే గదా యని కొందరు అనవచ్చును. మంచిదే, ఎవరు కాదనిరి? ఆ మంచికి ఉపమానపు ముసుగు ఎందులకని నా ప్రశ్న. విజయవాడలోని గుణదల కొండకు ఏటేట ఫిబ్రవరి తిరునాళ్లలో జనము మెట్లెక్కి పోవుచున్నారు. మ్రొక్కు ఉన్నవాడు ఎక్కును, తల నీలాలిచ్చును, దిగును. మెట్టు దేనికి గుర్తని వానిని ఎవడును అడుగడు. వాడు కొండను కొండగను, మేరీమాతను మేరీమాతగను ఎరిగినవాడు. సాహసబోధకుని అవస్థ వేరు. ఊరక ఆనందించుట పాపమేమో యను భయము ఒకప్రక్క, సువార్తను ఉన్నదున్నట్లు చెప్పినచో పిల్లలు ఆవులింతురేమో యను భయము ఒకప్రక్క. ఈ రెండు భయముల నడుమ కట్టిన ఇనుప తీగపై ఆయన జారుచున్నాడు.

ఆ సువార్తలోని కార్యములకు హెల్మెటు అక్కరలేదు. అవి పెనుసాహసములే యైనను. శత్రువును ప్రేమింపుమన్నారు. ఉన్నదమ్మి బీదలకిమ్మన్నారు. చెరసాలలోని వానిని చూడబొమ్మన్నారు. పొలము గట్టు జరిపినవానిని, వాటా ఎగవేసిన తోబుట్టువును డెబ్బదియేళ్ల మారులు క్షమింపుమన్నారు. ఈ లోయ దాటుటకు ఎవడును తీగ కట్టలేదు. క్రింద త్రాడు పట్టువాడు కానరాడు. దిగిన పిమ్మట ఛాయాచిత్రము తీయువాడును ఉండడు. కనుకనే కాబోలు, ఈ విభాగమున చేరువారి జాబితా ఎన్నడును నిండదు.

శిబిర నిర్వాహకులకు నాదొక విన్నపము. గోడలను పడగొట్టవలదు, తెప్పలను కాల్చవలదు. పిల్లలను హాయిగ ఎక్కనిండు, తడియనిండు, భయపడనిండు. తల్లిదండ్రులచేత సంతకము చేయించుకొను కాగితమున అడుగున ఒక్క పంక్తి మాత్రము చేర్పింపుడు: ఈ స్థలమున చెప్పబడు ధర్మోపదేశములకు ఈ కొండయు, ఈ నదియు, ఈ త్రాటిని పేనిన కర్మాగారమును ఎట్టి బాధ్యతయు వహింపవు. దాని క్రింద బోధకునిచేత గూడ సంతకము చేయింపుడు. చేయుటకు ముందు, ముడిని తడవి చూచినట్లే, తాను చెప్పబోవు పాఠమును గూడ ఆయన రెండుమారులు తడవి చూచుకొనును గాక.